అవ్వ అడిగిన రెండు బొంతలు

నేను జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా కొత్తగా చేరిన రోజులవి. బాగా లావుగా ఉన్న ఒక అవ్వ దేవరుప్పుల నుంచి పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్‌కు వచ్చింది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెడుతుంటే, "గిట్ల పండుకుంటే ఊపిరాడదు బిడ్డా. ఇంట్ల వీపు కింద రెండు బొంతలు ఏసుకుంట" అంది.

"నీకు బొంతలు సాలవు అవ్వా, గడ్డిమోపులు ఏయాలె" అన్నాడు మత్తు డాక్టర్. అందరం నవ్వాం.

మత్తు ఇచ్చాక గొంతులోకి ఊపిరి గొట్టం దిగలేదు. రెండోసారీ అంతే. మాస్కుతో గాలి కొట్టినా ఛాతీ లేవలేదు, పెదవులు నీలం తిరిగాయి. "సార్, అవ్వ చెప్పినట్టే ఎత్తు పెడదాం" అన్నాను. నలుగురం ఆమెను లేపి, చెవులు ఛాతీతో సమానమయ్యేదాకా తల, భుజాల కింద దుప్పట్ల మడతలు పెట్టాం. ఈసారి గొట్టం వెంటనే దిగింది.

డాక్టర్ బయటికెళ్లి ఆమె కొడుకుతో, "మీ అమ్మ లావుతోని మస్తు పరేషాన్ అయినం" అన్నాడు. తలుపు దగ్గర విన్న నాకు ఆయన మీద అసహ్యం పుట్టింది.

మర్నాడు అవ్వ దిండ్లకు ఆనుకుని కూర్చుని నన్ను గుర్తుపట్టింది. "బొంతలంటే నువ్వు గూడ నవ్వినవ్. నేనేం తప్పు మాట్లాడిన బిడ్డా?" అని అడిగింది.

డాక్టర్ మీద పుట్టిన అసహ్యమంతా నా మీదికి తిరిగింది. ఇప్పుడు బల్ల ఎక్కే ప్రతి మనిషినీ, ఇంట్లో ఎట్ల పండుకుంటరని ముందే అడుగుతాను. ఆ నవ్వు మాత్రం ఎంత కడిగినా పోవడం లేదు.