చప్పుడు లేకుండా నేను ముంచిన నాటకం

ఏసీ బోగీ కిటికీలు తెరుచుకోవు. ఇది నా చిరకాలపు ఫిర్యాదు. సాగనంపడానికి వచ్చిన మనిషి ప్లాట్‌ఫారం మీద నిలబడి అద్దం అవతలి నుంచి ఏదో చెబుతూనే ఉంటారు. మనకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా మర్యాద కోసం తలాడిస్తాం. ఓసారి సూరత్ వచ్చే రైలెక్కి కూర్చుని, మా పెద్దమ్మకు నేను అలా మూడుసార్లు తలాడించాను. వచ్చే నెల వాళ్ళింటికి వెళ్ళి నెల్లాళ్ళు ఉంటానని ఒప్పుకున్నట్టు ఆ తర్వాత తెలిసింది.

అయితే అద్దం అవతలి మాట అర్థం కాకపోవడం చిన్న కష్టం. అర్థం కావడం పెద్ద కష్టం. ఈ సంగతి నాకు 2021 చివర్లో, కరోనా రెండో విడత తగ్గి జనం మళ్ళీ బయటికి రావడం మొదలెట్టినప్పుడు తెలిసింది. ఇప్పుడు చెప్పబోయే కథలో ఒక నాటకం నిలువునా మునుగుతుంది. ఒక కుర్రాడి ఆశ కూడా దాంతోపాటే పోతుంది. ముంచినవాడు క్షేమంగా ఒడ్డున కూర్చుని మీకు కథ చెబుతున్నాడు.

మా నాన్న సూరత్ పక్కనున్న హజీరాలో ఇంజనీరు. నేను అప్పుడే ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తూ, ప్రపంచానికి నా అవసరం ఇంతకంటే ఎక్కువ ఉందని నమ్ముతున్నవాణ్ణి. ఆ నమ్మకంతోనే సూరత్‌లోని లింబాయత్ పేట తెలుగు కుర్రాళ్ళతో ఒక నాటక బృందం పెట్టాను. వాళ్ళంతా తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చినవాళ్ళ పిల్లలు. మరమగ్గాన్ని వాళ్ళు సాంచా అంటారు. మేం ఎంచుకున్నది తాతల నాటి హాస్య నాటకం. అందులో ఒక మామగారు చెవిటివాడిగా నటిస్తూ, తన ఎదురుగానే ఇంట్లోవాళ్ళు తన గురించి అనుకునేవన్నీ వింటుంటాడు. చివర్లో లేచి, "నాకు మొదటి నుంచీ అన్నీ వినపడుతున్నాయి!" అంటాడు. నాటకమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది.

మామగారి వేషం సంపత్‌ది. పంతొమ్మిదేళ్ళు. వడోదర వెళ్ళి నాటకం చదువుకోవాలని వాడి కోరిక. వాడి తండ్రి ఓదెలుకు సంపత్ సాంచాల మీదికి రావాలని కోరిక. పాతికేళ్ళకు పైగా ఆ చప్పుడులో పనిచేసి ఆయన చెవులు దాదాపు పోయాయి. మనం మాట్లాడుతుంటే మెడ ఓ పక్కకు వంచి మన నోటివైపే చూస్తాడు. నేను బతిమాలడానికి వెళ్ళినప్పుడు కూడా అలాగే చూశాడు.

"బాబాయ్, మీవాడికి దేవుడిచ్చిన విద్య ఉంది."

"దేవుడు మస్తు ఇస్తడు. తిండి పెట్టడు."

"ఒక్కసారి నాటకం చూడండి. జనం ఎలా నవ్వుతారో చూసి అప్పుడు చెప్పండి."

"సరే. జనం నవ్వితే వడోదర పోతడు. నవ్వకుంటే సోమారం సాంచాల కాడికొస్తడు. మల్ల మాట మార్చద్దు."

నేను ఆయన చెయ్యి పట్టుకుని మరీ ఒప్పుకున్నాను. ఒప్పుకున్న చెయ్యి మాత్రమే నాది, అందుకే అంత ధైర్యం. భవిష్యత్తు సంపత్‌ది.

రిహార్సల్స్ అన్నీ ఫోన్లో వీడియో కాల్ మీద చేశాం. రెండు నెలల పాటు ఎవరూ ఒక్క డైలాగ్ తప్పలేదు. నేను మా అమ్మతో, "వీళ్ళ జ్ఞాపకశక్తి చూస్తే భయం వేస్తోంది" అన్నాను. ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు అందరం మొదటిసారి ఒకచోట కలిశాం. అప్పుడు మరో రకం భయం వేసింది.

"ఏంటి లావణ్యా, మొదలుపెట్టు."

లావణ్యది కోడలి వేషం. ఇంటి దగ్గర చీరలకు రాళ్ళు అతికించే పని చేస్తూ బీకాం చదువుతోంది. నేల చూపులు చూసింది.

"కాయితం లేదన్నా."

"కాయితం ఎందుకు?"

"గిన్ని రోజులు ఫోన్ వెనక అతికిచ్చుకొని సదివిన కదా."

మిగతావాళ్ళ వైపు చూశాను. సంపత్ తప్ప అందరూ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. సంపత్‌కు సగం వచ్చు.

తెర పక్కన నిలబడి మాటలు అందిద్దామంటే, హాలువాళ్ళు కరోనా పేరు చెప్పి తెర వెనక గుంపు కూడదన్నారు. పైగా ప్రాంప్టర్ గొంతు ముందు వినిపించి, నటుడి గొంతు వెనక వినిపించే నాటకాలంటే నాకు చిన్నచూపు. అప్పుడు సంపత్ ఓ మాటన్నాడు.

"అన్నా, సాంచాల చప్పుడుల మాటలు ఇనబడయి కదా. అక్కడ మనోళ్ళు పెదవులు జూసే మాట్లాడుకుంటరు. మాకందరికి వస్తది. నువ్వు ఎనక కూసొని పెదవులు మెదుపు, చాలు."

నేను ఆ కుర్రాణ్ణి కౌగిలించుకోబోయి, కరోనా గుర్తొచ్చి నమస్కారం పెట్టాను. ప్రేక్షకుల వెనక స్టూలు మీద నేను. నెత్తిన బల్బు. పెదవులు కనపడాలి కాబట్టి మాస్కు బదులు ప్లాస్టిక్ ఫేస్ షీల్డ్. శబ్దం లేని ప్రాంప్టింగ్! ఇంత తెలివి నాకు ఒక్కడికే ఎందుకిచ్చాడా అని దేవుడి మీద జాలేసింది.

మీరు గమనించే ఉంటారు. నేను గమనించనిది ఒక్కటే. హాల్లో కూర్చోబోయేది కూడా సాంచాలవాళ్ళే.

ఆదివారం, లింబాయత్ పక్కనే గోడాదరాలో పెళ్ళిళ్ళ హాలు నిండింది. మొదటి పది నిమిషాలు నా జీవితంలోని అతి గొప్ప పది నిమిషాలు. నేను పెదవి మెదిపితే అక్కడ నాటకం నడిచింది. అంతలో మూడో వరుసలో ఒక ముసలమ్మ, వెనకున్న పంకా ఎందుకు తిరగట్లేదో చూద్దామని వెనక్కి తిరిగింది. పంకా కింద నేను కనపడ్డాను. ఆవిడ నా నోటివంక చూసి, స్టేజీ వంక చూసి, మళ్ళీ నా వంక చూసి, పక్కామెను మోచేత్తో పొడిచింది.

"ఏ, గిటు సూడే! ఈ పిలగాడు ముందే చెప్తుండు!"

పొద్దుతిరుగుడు చేను తిరిగినట్టు వరుసలు వరుసలుగా హాలంతా నా వైపు తిరిగింది. కొందరు కుర్చీలు కూడా తిప్పుకున్నారు. నేను పెదవి మెదపగానే జోకు పేలి జనం పడీ పడీ నవ్వుతున్నారు. ఆ నవ్వులు ఆగాక స్టేజీ మీద లావణ్య అదే జోకు చెబుతోంది. అప్పుడు నిశ్శబ్దం. నవ్వు ఎందుకొచ్చిందో తెలియని సంపత్ రెండుసార్లు పంచె ఊడిందేమోనని తడుముకున్నాడు.

నేను ఆపేద్దామంటే స్టేజీ ఆగిపోతుంది. ఆపకపోతే నేనే నాటకం. ఇంతలో సంపత్, ముందు వరుసలో నవ్వకుండా కూర్చున్న తండ్రిని చూసి బిగుసుకుపోయాడు. వాడికి ధైర్యం చెప్పాలనుకున్నాను. స్పష్టంగా, ఒక్కో మాటా విడదీసి, పెదవులతో అన్నాను.

"మీ నాన్న ముఖం చూడకురా. ఆయన పుట్టాక ఒక్కసారీ నవ్వి ఉండడు. ఆ రాయిని మర్చిపో."

హాలంతా ఒక్క క్షణం ఆగి, మెల్లగా ఓదెలు వైపు తిరిగింది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి, మెడ పక్కకు వంచి నా నోటినే చూస్తున్నాడు.

తర్వాత నా పెదవులు పనిచేయలేదు. విచిత్రం ఏమిటంటే, నేను ఆగిపోయాకే సంపత్ నటించాడు. తనకొచ్చిన సగం ఆ చివరి సగమే. మెడ ఓ పక్కకు వంచి, తోచిందేదో అంటున్న కోడలి నోటినే చూస్తూ, అర్థమైనా కానట్టు తల ఊపే ముసలాడు. అచ్చం వాళ్ళ నాన్న. రెండు నెలలు ఫోన్లో చూసి కూడా ఈ పోలిక నాకు తట్టలేదు. ఆ ఐదు నిమిషాల నటన నేను చూశాను. హాల్లో నేనొక్కణ్ణే చూశాను. మిగతావాళ్ళంతా స్టేజీకి వీపు పెట్టి, నేను మళ్ళీ ఎవరిని తిడతానా అని ఎదురు చూస్తున్నారు. చివరికి వాడు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఆ మాట అలవాటుగా నా పెదవుల మీదికీ వచ్చేసింది. వాడు నోరు తెరిచేలోపు మూడు వందల మంది ముక్తకంఠంతో అరిచారు.

"నాకు మొదటి నుంచీ అన్నీ వినపడుతున్నాయి!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఈలలు కూడా. ముసలమ్మ వచ్చి నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టబోయింది. షీల్డ్ అడ్డొచ్చింది.

ఇందుమూలంగా పాఠకులందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ జన్మలో ఎవరికీ మాట అందించను. అన్నం తినేటప్పుడు, ఆవులించేటప్పుడు తప్ప బహిరంగంగా పెదవులు కదపను. ధైర్యం చెప్పాల్సి వస్తే ఉత్తరం రాస్తాను. ఉత్తరం కూడా అవతలివాళ్ళ నాన్న ఊళ్ళో లేనప్పుడే ఇస్తాను.

హాలు ఖాళీ అయ్యాక ఓదెలు నా స్టూలు దగ్గరికొచ్చాడు. వెనక సంపత్, ముఖాన తెల్ల మీసం ఇంకా ఊడదీయకుండా నిలబడ్డాడు. నేను ఆశ చావక, ఈసారి గట్టిగానే అన్నాను. "బాబాయ్, జనం నవ్వారు కదా?"

ఆయన నా నోటి నుంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"నవ్విండ్రు. నిన్ను జూసి నవ్విండ్రు. వడోదర నువ్వు పో. మావోడు సోమారం సాంచాల కాడికొస్తడు."