ఆ డిసెంబర్‌లో నేనిచ్చిన మఫ్లర్లు

మా ఆవిడకు నాలుగో నెల నిండగానే డాక్టరమ్మ మంచం దిగవద్దని చెప్పింది. గర్భసంచి బలహీనంగా ఉందని, బాత్రూముకు తప్ప లేవకూడదని, ప్రసవం దాకా ఇంతేనని. మేమప్పుడు మదీనాగూడలో, ముంబై హైవేకి రెండు సందులు లోపల, ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండేవాళ్లం. ఇప్పుడూ అక్కడే ఉన్నాం. తనకు కోకాపేటలో ఉద్యోగం, నాకు మాదాపూర్‌లో. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపది. తను సెలవు పెట్టి మంచం ఎక్కింది.

ఊరికే పడుకోవడం తనకు చేతకాదు. వాళ్లది నర్సాపురం దగ్గర పల్లె. అక్కడ ఇంటింటా ఆడవాళ్లు లేసు అల్లుతారు. తను కూడా పదేళ్లు నిండకముందే లేసు సూది పట్టిందట. రెండు వారాలు ఫోను చూసి చూసి విసుగెత్తి, ఒకరోజు నేను ఆఫీసు నుంచి రాగానే, "నాకు ఊలు తెచ్చిపెట్టు. పెద్ద సూదులు కూడా," అంది.

ఆ ఆదివారం సుల్తాన్‌బజార్ వెళ్లాను. దుకాణంలో ఏ రంగు కావాలని అడిగారు. పుట్టేది ఆడో మగో తెలియదు కదా, అందుకని లేత పసుపు తీసుకున్నాను. ఎంత పడుతుందో తెలియక పన్నెండు ఉండలు తెచ్చాను. సంచీ చూసి తను నవ్వింది. "దీంతో అపార్ట్‌మెంట్ మొత్తానికి షామియానా వెయ్యొచ్చు."

ఆ ఊలుతో చంటిబిడ్డకు కప్పే దుప్పటి మొదలుపెట్టింది. సంగతి ఫోనులో విని మా అత్తగారు ఒప్పుకోలేదు.

"పుట్టకముందే ఏవీ కుట్టకూడదే, అల్లకూడదు. మనవైపు ఎవరూ చెయ్యరు."

"గోడలు చూస్తూ ఎన్నాళ్లు పడుకోనమ్మా? ఇది బట్ట కాదులే, దుప్పటి," అని తను ఫోను పెట్టేసింది.

ఊలు అల్లడం ఫోనులో ఒక హిందీ ఆవిడ వీడియోలు చూసి నేర్చుకుంది. అందుకే మా ఇంట్లో కుట్లకు సీదా, ఉల్టా అన్న పేర్లే ఉండేవి. అయిదో నెలలో వాంతులు ఎక్కువై మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఎడమ చెయ్యి వాచింది. వరస మధ్యలో ఆగిపోయిందని తన బాధ. "నువ్వు పట్టుకో, నేను చెప్తాను," అంది. అలా నాకు అల్లిక వచ్చింది. తన వరసలు మెత్తగా, ఒకేలాగ ఉండేవి. నావి బిగుసుకుపోయేవి. కళ్లు మూసుకుని దుప్పటి మీద చెయ్యి పెట్టి, "ఇది నీది, ఇదీ నీదే, ఇక్కణ్ణుంచి నాది," అనేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. ఆరో నెల నడుస్తోంది. కొండాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో క్యాబు ఆగిపోతే, తను నా చొక్కా పట్టుకుని "ఇంకా ఎంతసేపు" అని మాత్రమే అడిగింది. ఆసుపత్రి వాళ్లు చేయగలిగిందంతా చేశారు. ఆడపిల్ల. గంటసేపు కూడా లేదు.

ఇల్లు చేరాక తను ఏడవలేదు. అడిగితే తినేది, చెబితే పడుకునేది. అత్తగారు వచ్చి పది రోజులుండి తనను ఊరికి తీసుకెళ్లారు. అక్కడ చేరాక నాకు ఫోను చేశారు.

"బాబూ, అది తిరిగొచ్చేలోపు ఆ ఊలు, ఆ దుప్పటీ కనపడకుండా చేసెయ్యండి. చూసిందంటే మళ్లీ మొదటికొస్తుంది."

పొద్దున చెత్త ఆటో వచ్చినప్పుడు దుప్పటిని కవర్లో పెట్టుకుని కిందికి దిగాను. ఆటో అతను చెయ్యి చాచాడు. ఇవ్వలేక మళ్లీ పైకి తెచ్చాను. ఎవరికైనా ఇద్దామంటే, సగం దుప్పటి ఎవరు తీసుకుంటారు? అలాగే బీరువాలో ఉంచుదామంటే అత్తగారి మాట. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో కూర్చుని కొస వెతికి లాగాను. తను అల్లిన వరసలు మారుమాట్లాడకుండా వచ్చేశాయి. నావి మాత్రం కుట్టుకుట్టుకీ మొరాయించాయి. నెలన్నర పని గంటలో అయిపోయింది. ఊలు అప్పుడే విప్పిన జడలా వంకరలు తిరిగి ఒళ్లో పడింది. దాన్ని నీళ్లలో తడిపి, వంకరలు పోవడానికి బాల్కనీలో వేలాడదీశాను. అదయ్యాక లోపలికొచ్చి, చేసిన పని ఏమిటో అప్పుడు అర్థమై, చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆఫీసులో ఏటా డిసెంబరులో చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వాళ్లకు బహుమతి ఇస్తాం. ఆ ఏడు చీటీల డబ్బా పట్టుకుని తిరిగే అమ్మాయి నా కుర్చీ దగ్గరికి వచ్చి, నా మొహం చూసి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. మంచి మనసుతోనే చేసింది. అయినా బహుమతి ఇచ్చే యోగ్యత కూడా పోయినట్టు అనిపించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఆరిన ఊలును ఉండలుగా చుట్టి, నలభై కుట్లు వేసి మఫ్లరు మొదలుపెట్టాను. నాకొచ్చిన అల్లిక అదొక్కటే.

పొద్దున క్యాబులో, సాయంత్రం క్యాబులో, ఇంటికొచ్చి అన్నం ఉడికేలోపు అల్లేవాణ్ని. చేతులు ఆడుతుంటే బుర్రలో ఏదీ ఉండేది కాదు. మూడు వారాలు తిరిగేసరికి నాలుగు తయారయ్యాయి. చలిలో పని చేసేవాళ్లకే ఇవ్వాలనుకున్నాను. ఒకటి రోజూ నన్ను తీసుకెళ్లే క్యాబు డ్రైవరుకు. ఒకటి ఆఫీసు గేటు దగ్గర బ్యాగులు చూసే సెక్యూరిటీ ఆవిడకు. ఒకటి గేటు బయట టీ పోసే పెద్దాయనకు. నాలుగోది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు.

నేను అల్లుతుంటే అద్దంలో చూస్తూ వచ్చిన డ్రైవరు, తీరా అది తనకే అని తెలిసి బండి పక్కకు ఆపాడు. "ఎవరికో పెద్ద సార్లకు అనుకున్న," అన్నాడు. సెక్యూరిటీ ఆవిడ యూనిఫాం మీద వేసుకోనివ్వరని దాన్ని లోపల కట్టుకుంది. వాచ్‌మన్ మెడకు రెండు చుట్లు చుట్టుకుని, "గిది మీరే అల్లిండ్రా సార్? నమ్మబుద్ధి అయితలే," అని నా చేతులు చూశాడు. పాలమూరు వైపు మనిషి. భార్యతో కింద చిన్న గదిలో ఉండేవాడు. అతని భార్య మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచేది.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులు నాకు హాయిగా అనిపించింది. నెలన్నర తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను.

కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు మా ఆవిడ తిరిగొచ్చింది. లింగంపల్లిలో రైలు దింపుకుని ఇంటికి తెచ్చాను. ఆటో ఆగగానే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి సంచీ అందుకున్నాడు. మెడలో మఫ్లరు. తను ఆటో దిగబోతూ ఆగింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. ఇంట్లోకి వస్తూనే బీరువా తెరిచింది.

"నా దుప్పటేది?"

"అత్తయ్యగారు కనపడకుండా చెయ్యమన్నారు."

"నేను అడిగేది అది కాదు. ఎక్కడుంది?"

"విప్పేశాను. మఫ్లర్లు అల్లి ఇచ్చేశాను."

"ఎంతమందికి?"

"నలుగురికి."

తను మంచం మీద కూర్చుంది. గొంతు పెంచలేదు. "దాన్ని పూర్తి చెయ్యాలని రోజూ అనుకుంటూ వచ్చాను. సగంలో వదిలెయ్యకూడదని. నన్నొక్కమాట అడగాలనిపించలేదా నీకు?"

నాకు తోచిన మంచి అది, తనకు జరిగిన రెండో నష్టం అది.

ఆ తర్వాత వారం రోజులు మా మధ్య అన్నం, మందులు తప్ప మాటల్లేవు. తను కిందికి దిగడం మానేసింది. కూరగాయల బండి వచ్చినా నన్నే పంపేది. గేటు దగ్గర ఆ పసుపు చూడలేకపోతోందని నాకు తెలుసు. వెళ్లి దాన్ని తిరిగి అడుగుదామనుకుని రెండుసార్లు లిఫ్టు దాకా వెళ్లాను. ఇచ్చింది ఎలా అడుగుతాం?

ఒకరోజు నేను ఇంటి నుంచే పని చేసుకుంటుంటే వాచ్‌మన్ భార్య వచ్చింది. గిన్నెల దగ్గరికి వెళ్లకుండా నేరుగా మా ఆవిడ గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. పక్కగదిలో ఉన్న నాకు మాటలన్నీ వినపడుతున్నాయి.

"అమ్మా, గిది పాప కోసం అల్లిన ఊలు గద. ఇల్లు తుడిసేటప్పుడు మీ మంచం మీద రోజూ చూసిన. మా ఆయన మెడల చూడంగనే గుర్తుపట్టిన. సార్ ఇష్టంగ ఇచ్చిండని ఊకున్న. మొన్న మీరు ఆటో దిగినప్పుడు మీ మొకం చూసిన. ఇగ అప్పటి సంది నాకు పానం మంచిగ లేదు." కవరు చప్పుడయింది. "రెండుసార్లు సబ్బు పెట్టి పిండిన. బీడీ వాసన పోయింది."

"వద్దు. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు," అంది మా ఆవిడ.

"ఇచ్చింది సార్. మీరు ఇయ్యలే గద."

ఆ మాటకు మా ఆవిడ ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవలేదు, ఊళ్లో ఏడవలేదని అత్తగారు చెప్పారు. అప్పుడు ఏడ్చింది, గొంతు విడిచి. మధ్యలో, "నేను ముందే అల్లాను. అమ్మ వద్దంటూనే ఉంది. అల్లాను కాబట్టే..." అంటోంది.

వాచ్‌మన్ భార్య నెమ్మదిగా చెప్పింది. "నాకు తొలుసూరు కొడుకు పోయిండు అమ్మా. నాలుగు దినాలున్నడు. మేమేం కుట్టలే, ఏం కొనలే. ముందుగాల తెస్తే కీడంటరని పాత చీర పేలిక గూడ తీసి పెట్టలే. అయినా పోయిండు. మీ ఊలు తోని పోలే అమ్మా మీ బిడ్డ. అట్ల అనుకోకుండ్రి."

ఆ రోజు ఆమె గిన్నెలు తోమలేదు. మా ఆవిడ పక్కన నేల మీద కూర్చుని టీ తాగి వెళ్లింది. టీ నేనే పెట్టాను.

ఆమె వెళ్లాక మా ఆవిడ నన్ను పిలిచింది. మఫ్లరు ఒళ్లో ఉంది. నా వైపు చూడకుండా అడిగింది.

"నువ్వు చూశావు కదా?"

నర్సు నన్నొక్కణ్నే పిలిచి పాపను చూపించింది. అప్పటికి తనకు మత్తు దిగలేదు. తర్వాత కాగితాల మీద సంతకాలు పెట్టి మిగతాదంతా నేనే చూశాను. ఒక్క ముక్క కూడా తనకు చెప్పలేదు. చెప్పకపోవడమే దయ అనుకున్నాను.

"చూశాను."

"ఎలా ఉంది?"

"చిన్నది. నా అరచేతి కంటే కొంచెం పెద్దది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టారు. చెవులు నీవే. గోళ్లు కూడా వచ్చేశాయి."

"ఎత్తుకున్నావా?"

"ఎత్తుకున్నాను."

"ఏడ్చిందా?"

"లేదు. నోరు ఒకసారి తెరిచింది."

తను తలూపింది. "ఎందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వు అడగలేదు."

"నువ్వు చెప్తావని చూశాను."

క్షమించమన్నాను, దుప్పటికీ దీనికీ కలిపి. క్షమించానని తను అనలేదు. "రేపు ఊలు తెచ్చిపెట్టు. కాఫీ రంగుది," అంది. వాచ్‌మన్‌కు కొత్త మఫ్లరు అల్లింది. అది పూర్తయ్యేసరికి సంక్రాంతి కూడా వెళ్లిపోయి ఎండలు మొదలయ్యాయి. అయినా తనే కిందికి దిగి ఇచ్చింది. అతను ఆ ఎండలోనే చుట్టుకుని చూపించాడట. మిగతా ముగ్గురి దగ్గరున్న వాటి గురించి తను ఎప్పుడూ అడగలేదు. మరుసటి ఏడు వాచ్‌మన్ దంపతులు కోకాపేటలో కడుతున్న ఒక టవరుకు పనికి వెళ్లిపోయారు. కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి. తర్వాత ఆ నంబరు పనిచేయడం మానేసింది.

మళ్లీ కడుపు నిలవలేదు. రెండేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగి, మందులు వాడి, ఇక చాలని ఇద్దరం అనుకున్నాం. డిసెంబరు వచ్చేసరికి తను నాలుగైదు మఫ్లర్లు అల్లి ఎవరికో ఒకరికి ఇస్తుంది. నన్ను ఒక్క వరస కూడా అల్లమని అడగదు. నేనూ అడగను. పసుపు ఊలు మాత్రం మా ఇంటికి మళ్లీ రాలేదు.

నవంబరులో ఆ రోజున ఇద్దరం సెలవు పెడతాం. ఆఫీసులో కారణం చెప్పం. గుడికి వెళ్లం, దీపం పెట్టం, ఇంట్లోనే ఉంటాం. మొన్నటి నవంబరులో వంకాయలు తరుగుతూ తను ఉన్నట్టుండి, అప్పట్లో మనసులో అనుకున్న పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. నేనూ ఒకటి అనుకున్నానని చెప్పాను. రెండూ ఒకటి కాదు. నాది మరీ పాతకాలం పేరంది. తనది పిలవడానికి పొడుగన్నాను. పిల్ల పక్కగదిలో ఉన్నట్టే కాసేపు వాదించుకున్నాం. తర్వాత తను లేచి కూర పొయ్యి మీద పెట్టింది.