సిగ్గుపడి చెప్పని మాట

పక్క వాటాలో ఎవరో ఎండుమిరపకాయలు వేయించారు. ఆ ఘాటుకు మా ఇంట్లో అందరికీ ఒకటే దగ్గు. ఆ దగ్గు వింటే నాకు నాన్న గుర్తుకొస్తాడు, నాన్నతో పాటు సిస్టర్ రత్నమ్మగారూ గుర్తుకొస్తారు. ఎనభైల్లో సత్తెనపల్లిలో ఒక మిషను ఆసుపత్రిలో ఆమె నర్సు. తెల్ల చీర, మోచేతి దాకా జాకెట్టు, రోగుల మీదా వెంట వచ్చినవాళ్ళ మీదా ఎప్పుడూ విసుగు. ఆ విసుగు ఎక్కడినుంచి పుట్టిందో తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

నాన్న ఏటా మిరప కళ్ళంలో పనిచేసేవాడు. మూడు నెలలుగా దగ్గుతున్నా కాయ ఘాటేనని కొట్టిపారేశాడు. బలవంతాన తీసుకెళ్తే, మూడు రోజులు పొద్దున్నే కళ్లె పట్టి తెమ్మన్నారు రత్నమ్మగారు. మొదటి రోజు నాన్న డబ్బీ నిండా ఉమ్మి తెచ్చాడు. ఆమె మూత తీసి చూసి, "ఇది నోట్లోది పెద్దాయనా. నాక్కావాల్సింది గుండెల్లోంచి దగ్గితే వచ్చేది" అన్నారు. చివరికి క్షయ అని తేలింది.

మందులిచ్చిన రోజు ఆమె నన్ను పక్కకు పిలిచారు. అప్పటికి నేనొక దినపత్రికకు వార్తలు రాస్తున్నాను; ఆ సంగతి ఆసుపత్రి మెట్లెక్కుతూనే చెప్పుకున్నాను కూడా. తొమ్మిది నెలలు ఒక్క పూటా మానకూడదనీ, దగ్గు తగ్గినా ఆపకూడదనీ చెప్పారు. ఎర్ర గొట్టం మాత్రలు మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడొద్దని నాన్నకు చెప్పమన్నారు. నేను తల ఊపాను. మొదటి రెండూ నాన్నకు చెప్పాను. మూడోది మాత్రం, తండ్రి ముందు ఆ మాట ఎత్తడానికి సిగ్గేసి, ఊరుకున్నాను.

నెలన్నర తర్వాత నాన్న దగ్గితే నెత్తురు పడింది. ఆసుపత్రిలో ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. రెండో రోజే మూత్రం ఎర్రబడేసరికి, కళ్ళంలో ఎండకు వేడి చేసిందనుకున్నాడు. మాత్రలు చూరులో దోపి, బార్లీ నీళ్ళు తాగుతూ వచ్చాడు. మాకెవరికీ చెప్పలేదు. ఆయనకూ సిగ్గే.

రత్నమ్మగారు నాన్నను ఒక్క మాట అనలేదు. నావైపు తిరిగారు.

"ఏమయ్యా, పేపర్లో ఊరందరికీ చెప్తావు. ఇంట్లో మీ నాన్నకు చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నానండి."

"నువ్వు అనుకుంటే ఆయనకు వినబడుద్దా? చదువుకున్నోళ్ళతోనే నాకు చావొచ్చింది. చదువు రానోళ్ళు రెండుసార్లు అడుగుతారు. మీరు తల ఊపి వెళ్ళిపోతారు."

అన్నీ మొదటినుంచి మళ్ళీ చెప్పి, "ఇప్పుడు నువ్వు చెప్పు, ఆయనకే చెప్పు" అన్నారు. వరుసలో ఉన్నవాళ్ళంతా వింటుండగా, నాన్న ముఖం చూస్తూ, మూత్రం ఎర్రగా వస్తుందని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఏరా, నీకు ముందే తెలుసా?" అన్నాడు నాన్న.

మందులు మళ్ళీ మొదటినుంచి. నాన్న బతికాడు గానీ ఒక ఊపిరితిత్తి సగం పాడైపోయింది. మళ్ళీ మిరప బస్తా ఎత్తలేదు. నన్ను ఒక్కసారి కూడా నిష్ఠూరమాడలేదు. రత్నమ్మగారి విసుగు మాత్రం నాకు అబ్బింది. ఎవరితో డాక్టరు దగ్గరికి వెళ్ళినా, బయటికి రాగానే ఆయన ఏం చెప్పాడో చెప్పమని నిలదీస్తాను. ఇంట్లోవాళ్ళు చిరాకు పడతారు. పడనీ. నాన్న ఆ రోజు అడిగినదానికి నేనింకా జవాబు చెప్పలేదు.