ఇంటర్వ్యూకు మేనమామ

తెలుగూ మరాఠీ కలిసే మా సిరొంచలో ఎవరూ ఒంటరిగా ఆఫీసుకు వెళ్లరు. తహసీలుకైనా, దవాఖానకైనా మాట్లాడే మనిషిని ఒకరిని వెంటబెట్టుకుంటారు. పని ఎవరిదో వాళ్లు నోరు మూసుకుని కూర్చుంటారు, వెంట వచ్చినవాళ్లు మాట్లాడతారు. మాకు అది మర్యాద. ఇంటర్వ్యూ కూడా ఆఫీసులోనే కదా అని మా మేనమామ ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందే తయారయ్యాడు.

నాగపూర్ కంపెనీ ఒకటి మా దగ్గర ఇప్పపువ్వు, చింతపండు కొంటుంది. ఇక్కడి కొనుగోలు సెంటర్ చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. రాకపోతే మళ్లీ హైదరాబాద్ హాస్టలే, అదే నీళ్ల పప్పు, పొద్దంతా ఫోన్లో తిట్లు తినే అదే కొలువు. అందుకే పెద్ద పెద్ద అధికారులు ఉద్యోగం ఇచ్చే ముందు మనలో ఏం చూస్తారో చెప్పే వీడియోలన్నీ చూశాను. ధైర్యం చూస్తారట. కళ్లలోకి చూస్తూ మాట్లాడాలట. మన గొప్ప మనమే చెప్పుకోవాలట. మా ఇంట్లో ఇవన్నీ చేసిన ఆడపిల్లకు తిట్లు తప్పవు.

"మామా, నువ్వు బయట కూసో" అన్నాను గుమ్మం దగ్గర.

"ఏంది బిడ్డా, పరాయి మనుషుల నడుమ నిన్నొక్కదాన్నే ఎట్ల ఇడుస్త?" అంటూ మామ ముందుగా లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాడు.

మేనేజరు మరాఠీలో నాతో, "మీ గురించి చెప్పండి" అన్నాడు. మామ చెప్పాడు. ఆయన సంతల్లో బట్టలు అమ్ముతాడు. మరాఠీ అయినా గోండి అయినా నీళ్లు తాగినట్టు మాట్లాడతాడు. మా అమ్మ పుట్టింది బామ్నిలో అని, నేను చదువులో ఎప్పుడూ ముందేనని, వంకాయ ఒక్కటే తిననని చెప్పాడు. తర్వాత ఆయనే అడగడం మొదలుపెట్టాడు. ఈ బిల్డింగ్ సొంతమా, కిరాయా? ఇంతకు ముందున్న పిల్ల ఎందుకు పోయింది? అచ్చం సంబంధం మాట్లాడుతున్నట్టే. నేనూ తల వంచుకునే కూర్చున్నాను, పెళ్లికూతురికి ఏం తక్కువ?

మేనేజరుకు మామ తెగ నచ్చాడు. ఏ ఊళ్లో ఎవరు ఇప్పపువ్వు ఏరుతారని అడిగాడు. బండి నడపడం వచ్చా అని అడిగాడు. చివరికి పెన్ను పక్కన పెట్టి, "మీరే చేరొచ్చు కదా?" అన్నాడు.

మామ నా వైపు చూశాడు. కాదనలేదు. "నేనా సార్... ఈ వయసుల..." అని చొక్కా సర్దుకున్నాడు. ఎండల్లో బట్టల మూట మోసే మనిషికి ఫ్యాను కింద కుర్చీ చేదవుతుందా? అది నాకూ తెలుసు. అయినా ఒళ్లు మండింది.

"మామా, నువ్వు జర ఊకో. నౌకరికి వచ్చింది నేను."

పరాయివాళ్ల ముందు మేనమామను ఊకోమన్నాను. మా ఇళ్లల్లో ఇలా అన్నవాళ్లు లేరు. తలెత్తి, మేనేజరు కళ్లలోకి చూసి, వచ్చిన మరాఠీలో నా గురించి నేను చెప్పుకున్నాను. ఏం చెప్పానో సగం గుర్తు లేదు. వంకాయ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఉద్యోగం నాకే ఇచ్చారు. ఇంటికి వచ్చే దారిలో మామ నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. నేను చేరే రోజు పొద్దున అమ్మ ఆయనకు ఫోన్ చేసి, "పిల్ల ఎంబడి ఆఫీసు దాకా జర పోయి రారాదు తమ్మీ" అంది. స్పీకర్ పెట్టే ఉంది.

"నేనెందుకక్కా? దానికి మాట్లాడుడు వచ్చింది గద" అన్నాడు మామ.

గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు, అదే నాకు ఏడుపు తెప్పించింది. కళ్లు తుడుచుకుని, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్లాను.