గిన్నె పుట్టగొడుగులో మెతుకు

నా చిన్నప్పుడు మా అమ్మ సౌదీలోని తబూక్‌లో ఆసుపత్రి నర్సు. మా క్వార్టర్సు వెనక ఒక మల్బరీ చెట్టు ఉండేది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన తోటపనాయన దాన్ని చూసుకునేవాడు. నేను ఆయన్ని తాతయ్యా అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు.

చలికాలం చివర వాన పడితే, పోయినేడు రాలి మట్టిలో నల్లబడిన పూగుత్తుల మీద గోధుమరంగు పుట్టగొడుగులు లేచేవి. గొడుగులు కావవి, చిట్టి గిన్నెలు. ఒక్కోదాంట్లో ఒక మెతుకు పట్టేది. ఊదితే సన్నగా పొగ లేచేది. అవి చెట్టుకు తెగులట, ఊడ్చి కాల్చెయ్యాలట. అయినా తాతయ్య నాకోసం మూరెడు జాగా ఊడవకుండా వదిలేసేవాడు. "నోట్ల మాత్రం పెట్టుకోకు బిడ్డా" అనేవాడు.

ఒక ఏడు వాళ్ల ఊళ్లో ఆయన భార్య చనిపోయింది. తాతయ్య పాస్‌పోర్టు ఆయన్ని పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్ దగ్గరుంది. కఫీలేమో దేశంలో లేడు, అతని సంతకం లేనిదే దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం రాదు. మూడోనాడు మధ్యాహ్నం తాతయ్య ఆ చెట్టు కిందే పిట్టకు పెట్టాడు. పిట్ట వచ్చి ముట్టితేనే పోయినవాళ్ల మనసు నెమ్మదించినట్టని వాళ్ల నమ్మకం. టిఫిన్ మూతలో అన్నం పెట్టి కూర్చున్నాడు. నేనేదో పెద్ద సాయం చేస్తున్నట్టు ఆ గిన్నెల్లో కూడా తలా ఒక మెతుకు వేశాను. ఆయన వద్దనలేదు.

రోజూ నెత్తిమీద తిరిగే పావురాలు ఆ రోజు ఒక్కటీ దిగలేదు.

"నా మీద కోపమున్నట్టుంది దానికి. ఆఖరుకు మొకం సూడ రాకపోతిని" అని తాతయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నాకు అంతవరకు తెలియదు. ఆయన మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లగానే ఒక గిన్నెలోని మెతుకు తీసి నోట్లో వేసుకున్నాను.

"తాతయ్యా, పిట్ట వచ్చింది! తినేసి వెళ్లిపోయింది!"

ఆయన ఖాళీ గిన్నె చూశాడు. నా పెదవి మీది మట్టి చూశాడు. కంగారుగా తువ్వాలుతో నా నోరు తుడిచి, నీళ్లిచ్చి పుక్కిలించమన్నాడు. తర్వాత అన్నం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"పిట్ట ముట్టింది బిడ్డా. ఇగ నాకు బాధ లేదు."

నా అబద్ధం నమ్మాడని ఏళ్ల తరబడి గర్వపడ్డాను, మొద్దుదాన్ని.

నేనూ నర్సునై ఇక్కడే ముసలిదాన్నయ్యాను. విమానాలు ఆగిపోయిన ఏడాది అమ్మ కాకినాడలో పోయింది. వెళ్లలేకపోయాను. చివర్లో నా పేరు పిలిచిందని ఎవరైనా అబద్ధమైనా చెబుతారేమోనని రోజంతా ఫోను పట్టుకుని కూర్చున్నాను. అందరూ నిజమే చెప్పారు.

అప్పటినుంచి, మా వార్డులో మన తెలుగువాళ్లెవరైనా పోతే వాళ్ల ఇంటికి ఫోను చేసి, "చివరిదాకా మీ పేరే తలిచారమ్మా" అంటాను. అవతల కాసేపు ఏడుపు వినిపిస్తుంది. తర్వాత, "అట్లనా సిస్టర్, మంచిమాట చెప్పినవ్" అంటారు. నిజంగా నమ్మారో, నా కోసం నమ్మారో నేను అడగను.