చక్రంలో లేని రంగు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డైరీలో కూడా "ఆదివారం, ఎండ" అని మాత్రమే రాసుకున్నాను. కింది వాటాలో ఉండే మామ్మగారు కంటి ఆపరేషన్‌కు వెళ్తూ నాకు అప్పజెప్పిన బొంతలోంచి ఒక ముక్క విప్పేసి, దాని చోట నాకు నచ్చిన ముక్క కుట్టాను.

చిలకలగూడలో ఆ ఇంటి పైగదిలోకి అద్దెకు వచ్చి అప్పటికి ఏడాదిన్నర. నాన్నకు కాకినాడ బదిలీ అయ్యాక అమ్మ కూడా వెళ్లిపోయింది. నేను ఉద్యోగం కోసం ఉండిపోయాను. ఆఫీసు రాంగోపాల్‌పేట్‌లో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రి బిల్లులు చూసి కంప్యూటర్‌లో ఎక్కించడం పని. పక్క కుర్చీలో అమ్మాయి చెవుల్లో ఎప్పుడూ పాటలు మోగుతుండేవి. పడుకునే ముందు డైరీలో, ఆ రోజు ఎవరితో మాట్లాడానో ఒక వరసలో రాసేదాన్ని. ఇడ్లీ బండి ఆయన. ఫోన్‌లో అమ్మ. కొన్ని ఆదివారాలు ఆ వరస ఖాళీగా ఉండేది. చూసుకోవడం ఇష్టం లేకపోయినా రాయడం మాత్రం మానలేదు.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో అతుకుల దుప్పట్లు కుట్టడం గురించి ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. బట్టలు ఎంచుకోవడానికి రంగుల చక్రం వాడమని అందులో ఉంది. మర్నాడే ఆఫీసు పక్కన స్టేషనరీ షాపులో కొన్నాను. అరచెయ్యంత అట్ట. అంచు చుట్టూ పన్నెండు రంగుల గళ్లు. పైన తిరిగే ఇంకో చిన్న అట్ట, దాని మీద రెండు బాణాలు. ఒక బాణం ఒక రంగు మీద పెడితే, రెండోది సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న రంగును చూపిస్తుంది. ఎదురెదురు రంగులు ఒకదాన్నొకటి వెలిగిస్తాయట, పక్కపక్క రంగులు సర్దుకుపోతాయట. ఒక్కో గడి పక్కన పెన్సిల్‌తో మన పేర్లు రాసుకున్నాను. కనకాంబరం, చిలకపచ్చ, నెమలికంఠం, వంగపండు. వీధి చివరి టైలర్ దగ్గర మిగిలిపోయిన ముక్కలు సంచితో తెచ్చి, డాబా మీద పరిచి, చక్రం తిప్పుతూ జతలు వెతికేదాన్ని. కుట్టేది తక్కువే. జత కుదిరిన రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుకోవడానికి పైకి వచ్చారు మామ్మగారు. అరవై అయిదేళ్లుంటాయి. ఇల్లు ఆవిడదే. నెల మొదట్లో అద్దె ఇచ్చినప్పుడు తప్ప మేం మాట్లాడుకున్నది లేదు.

"ఏందే పిల్లా అది, గిర్ర లెక్క తిప్పుతున్నవ్?"

"రంగుల చక్రం మామ్మగారూ. ఏ రంగు పక్కన ఏది బాగుంటుందో చెప్తుంది."

"చెప్తదా? నోరున్నదా దానికి?" అని నా పక్కన కూలబడ్డారు. "అయితే నీకన్న నయ్యమే. ఏడాదిసంది చూస్తున్న, నీ గొంతు ఎట్లుంటదో ఇయ్యాల్నే విన్న."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ ఒక ముక్క తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని నీలమా అని అడిగారు. అది పచ్చ. కంట్లో పొర వల్ల ఆవిడకు రెండూ ఒకటిగా కనిపిస్తున్నాయి.

ఆవిడ పసిపిల్లల బొంతలు కుట్టేవారు. ఆ చుట్టుపక్కల ఎవరికి కాన్పు దగ్గరపడినా, ఇంట్లో ఆడవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు మూటగట్టి ఆవిడకే ఇచ్చేవారు. అడుగున మూడు నాలుగు పొరలు, పైన రంగురంగుల ముక్కలు, అన్నిటినీ కలిపి చిన్న చిన్న పరుగు కుట్లు. కళ్లు మసకబారాక పైముక్కలు ఎలా పడితే అలా పడుతున్నాయని ఎవరో అన్నారట. ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది.

"రేపటిసంది నువ్వు, నీ చక్రం ఇద్దరు కిందికి రాండ్రి," అన్నారు లేస్తూ. "గారు గీరు అనకు. దూరం కూసోబెట్టినట్లుంటది."

గారు అనడం మానలేకపోయాను గానీ వెళ్లడం మాత్రం మానలేదు. ఆఫీసు నుంచి రాగానే వసారాలో ఒక గంట. స్టీలు గ్లాసులో చాయ్. నేను చక్రం చూసి ముక్కలు వరసపెడితే ఆవిడ కుట్టేవారు. మొదట్లో నన్ను సూదుల్లోకి దారం ఎక్కించమనేవారు, తర్వాత అంచులు కుట్టనిచ్చారు. "కండ్లు సగం మూసి చూడు పిల్లా. రంగు పేరు మర్చిపో. ఏది ముదురు, ఏది లేత, అది చాలు," అని చెప్పేవారు. పసిగుడ్డుకు కొత్తబట్ట తగలనివ్వకూడదని, కట్టి విడిచిన బట్ట అయితేనే ఒంటికి హాయి అని కూడా చెప్పేవారు. డైరీలో ఆ వరస ఖాళీగా ఉండటం మానేసింది.

తర్వాత ఆవిడ కంటి ఆపరేషన్ ఖాయమైంది. అందరూ మంచిదన్నారు, నేనూ అన్నాను. గదిలోకి వచ్చాక మాత్రం ఒకటే ఆలోచన. కళ్లు బాగైతే పచ్చేదో నీలమేదో ఆవిడకే తెలుస్తుంది. నా చక్రంతో పని ఉండదు. ఆ గంట పోతుంది. పిలవకపోయినా వెళ్లి కూర్చునే మనిషిని కాను నేను.

ఆపరేషన్‌కు ముందు వచ్చిన ఆఖరి మూట పద్మారావు నగర్ ఆవిడది. ఆమె కూతురికి నెలలు నిండాయి. మూటలో నెమలికంఠం రంగు చీర, రెండు నీలాలు, ఒక లేతపచ్చ. అడుగున వెలిసిపోయిన ఒక చీర ఉంది, తడిసిన మట్టి రంగులో. ఆ రంగు నా చక్రంలో ఏ గడిలోనూ లేదు. పక్కన పెట్టబోతే మామ్మగారు తడిమి చూసి, "అది నడుమల పెట్టు," అన్నారు. ఇంతలో గేటు దగ్గర ఎవరో పిలిస్తే లేచి వెళ్లారు. ఎందుకు అని తర్వాతైనా అడగవచ్చు. అడగలేదు.

శనివారం మామ్మగారి చెల్లెలు వచ్చి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లింది. వెళ్లే ముందు బొంత నా చేతుల్లో పెట్టి, "అంచులు నువ్వే కుట్టు. నీ కుట్టు ఇప్పుడు నా కుట్టు లెక్కనే ఉన్నది," అన్నారు.

ఆదివారం మధ్యాహ్నానికి అంచులు అయిపోయాయి. బొంతను మంచం మీద పరిచి చూశాను. చుట్టూ నీలాలు, పచ్చలు నీటిలా ఉన్నాయి. నడుమ ఆ మట్టి ముక్క మరకలా ఉంది. చక్రం తిప్పాను. నెమలికంఠానికి ఎదురుగా కనకాంబరం. నా సంచిలో టైలర్ ఇచ్చిన కనకాంబరం ముక్క కొత్తది ఉంది. రెండుసార్లు ఉతికి ఆరేశాను, ఇక కొత్తది కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మట్టి ముక్క చుట్టూ ఆవిడ వేసిన కుట్లు ఒక్కొక్కటీ విప్పి, ఆ చోట కనకాంబరం కుట్టాను. కట్టు విప్పాక ఆవిడ మొట్టమొదట చూసే బొంత వెలిగిపోతుండాలనుకున్నాను. ఈ పిల్ల లేకపోతే ఇంత బాగా వచ్చేది కాదని ఆవిడ అనుకోవాలి, రేపూ రమ్మనాలి. అసలు కారణం అదే.

ఆవిడ సోమవారం నల్లద్దాలతో తిరిగొచ్చారు. బుధవారం పొద్దున ఆవిడ ఇంకా నిద్రలో ఉండగా, మడిచిన బొంతను తలాపున పెట్టి ఆఫీసుకు వెళ్లాను. ఆ సాయంత్రం నేను మెట్లెక్కుతుండగా పద్మారావు నగర్ ఆవిడ బొంత కోసం వచ్చింది. మెట్ల మలుపులో ఆగిపోయాను. అక్కడి నుంచి వసారా కనిపిస్తుంది, వాళ్లకు నేను కనిపించను. మామ్మగారు బొంత విప్పి ఆమె ఒళ్లో పరిచారు.

"మస్తుగుంది పెద్దమ్మా," అని ఆమె ఒకసారి అంతా చూసింది. మళ్లీ చూసింది. "మా అమ్మ చీర ఏది? నడుమల పెడ్తనంటివి గదా."

మామ్మగారు ముందుకు వంగారు. ఆమె కనకాంబరం ముక్క మీద చెయ్యి పెట్టింది. "గిది కొత్తబట్ట పెద్దమ్మా. గరుకు సుత పోలే."

మామ్మగారి వేళ్లు ఆ ముక్క చుట్టూ ఉన్న కుట్లను తడుముతూ ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లాయి. అవి ఎవరి కుట్లో ఆవిడకు తెలిసిపోయిందని నాకూ తెలిసింది. ఒక్క మెట్టు దిగి నేనే అని చెప్తే చాలు. దిగలేదు.

"నేనే బిడ్డా," అన్నారు మామ్మగారు. "కండ్లు సరిగ లేకుండె. ఏది ఏడ పెట్టిన్నో ఎరికలే. చీర ఏడికి పోదు, ఇంట్లనే ఉన్నది. రెండు దినాలల్ల మార్చిస్త."

"ఆమెది గదొక్కటే మిగిలింది పెద్దమ్మా. మిగిలినయన్ని ఆమెతోనే పంపిచ్చినం."

"ఎరికే బిడ్డా. నాది తప్పయింది."

మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు మట్టి ముక్కను మడిచి, ఆవిడ దారాల బుట్టలో పెట్టి వచ్చేశాను. శుక్రవారం డాబా మీద తీగ మీద ఆ బొంత ఆరుతోంది. మట్టి ముక్క నడుమకు వచ్చేసింది. కళ్లు సగం మూసి చూశాను. ఆ ముదురు రంగు అక్కడ ఉన్నందుకే చుట్టూ ఉన్న లేత రంగులన్నీ కనిపిస్తున్నాయి. ఆవిడ కళ్లు మసకగా ఉన్నప్పుడే చూసిన సంగతి అది.

ఆ తర్వాత నేను కిందికి వెళ్లలేదు. "చాయ్ తాగుదువు రా బిడ్డా," అని కింది నుంచి రెండుసార్లు పిలిచారు. ఒకసారి తలనొప్పి అన్నాను, ఒకసారి ఆఫీసు పని అన్నాను. మూడోసారి పిలవలేదు. వసారా ముందు నుంచి తల వంచుకుని, చున్నీ సర్దుకుంటూ దాటిపోయేదాన్ని. పైనుంచి చూస్తే ఒక్కో ముక్కను వెలుతురుకేసి పట్టి ఆవిడే రంగులు చూసుకుంటున్నారు. సూదిలోకి దారం కూడా ఆవిడే ఎక్కించుకుంటున్నారు. డైరీలో ఆ వరస మళ్లీ ఖాళీ అయింది. ఈసారి అది ఎవరి వల్లో నాకు తెలుసు.

రెండు నెలల తర్వాత మా ఆఫీసు ఊరికి అవతలి కొసకు మారింది. హాస్టల్ చూసుకున్నాను. వెళ్లే రోజు పొద్దున సామాను ఆటోలో పెట్టించి, తాళంచెవి ఇవ్వడానికి వసారా మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఒళ్లోని బొంతను పక్కన పెట్టి, లేచి వచ్చారు. నల్లద్దాలు లేవు. చెప్పాలనుకున్న మాట నాలుగు రోజులుగా డైరీలో రాసి కొట్టేస్తున్నాను. నేలకేసి చూస్తూ చెయ్యి చాచాను.

ఆవిడ తాళంచెవి తీసుకోలేదు. గడ్డం కింద వేలు పెట్టి నా ముఖం పైకెత్తి, ఎండకేసి తిప్పారు. ఆటో అతను హారన్ కొట్టాడు. ఆవిడ తొందరపడలేదు. నుదురు, కళ్లు, చెంపలు, ఒక్కొక్కటీ నింపాదిగా చూశారు.

"గింత చిన్నపిల్లవా నువ్వు," అన్నారు. "నేను శాన పెద్దదానివనుకున్న."