ట్యూబులైటు గీత

సైన్‌బోర్డుల పెయింటరు కుంచె తుడుచుకునేది బనీనుకే. దాన్ని చూస్తే ఈమధ్య ఎవరెవరి బోర్డులు రాశాడో చెప్పేయొచ్చు. ఫోనులో ఏఐ చేత ఇదీ అని చెప్పలేని రంగుల కలబోత ఒకటి వేయించుకుని, దాన్ని చూస్తూ కొన్నాళ్లుగా కాన్వాసు మీద చేత్తో దించుతున్నాడు. ఇవాళ పూర్తయింది. కాలు ఒకచోట నిలవక భార్యను కేకేసి కాన్వాసు చూపించాడు.

"ఆ నీలం మధ్య తెల్లగీత చూడవే! ప్రాణమంతా అక్కడే ఉంది!"

అసలు బొమ్మతో పోల్చి చూద్దామని ఆమె ఫోను అందుకుని అటూ ఇటూ వంచింది. తెర మీది గీత కూడా పక్కకు జరిగింది.

"ఇది ఏఐ వేసింది కాదండీ. ఫోను అద్దం మీద పడ్డ మన ట్యూబులైటు!"

పెయింటరు ఫోను లాక్కుని తనూ వంచి చూశాడు. మరుక్షణం చిన్నపిల్లాడిలా గెంతాడు.

"అయితే ఆ గీత నాదేనన్నమాట!"

ఊరందరి పేర్లూ రాసిన కుంచెతో, ఆ తెల్లగీత పక్కన మొదటిసారి తన పేరు రాసుకున్నాడు.